పసుపు ఫాక్స్‌గ్లోవ్ నిజంగా ఏళ్ళ తరబడి బతికే మొక్కేనా?

నీడమడి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఫాక్స్‌గ్లోవ్ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది నిలువెత్తు కంకి మీద ఊదారంగు గంటలు వేలాడదీసుకున్న డిజిటాలిస్ పర్పురియా. నేనూ దానితోనే మొదలుపెట్టాను. మొదటి ఏడు ఆకులు, రెండో ఏడు పూలు, ఆ వెంటనే మొక్క ఎండిపోవడం, మళ్ళీ నారు పోసుకోవడం. ఇలా నాలుగుసార్లు తిరిగేసరికి విసుగు పుట్టి, పొట్లం మీద "బహువార్షికం" అని రాసి ఉన్న పసుపు పూల జాతి, డిజిటాలిస్ గ్రాండిఫ్లోరా విత్తనాలు తెచ్చి చల్లాను. పన్నెండు మొక్కలు నిలిచాయి.

మొదటి ఏడు అవి కూడా నేలకు అంటుకుని ఉన్న ఆకుల చక్రాలుగానే ఉండిపోయాయి. రెండో వేసవిలో అన్నీ పూచాయి. ఆ శీతాకాలం గడిచాక చూస్తే నాలుగు మొక్కలు మొదలు దగ్గర మెత్తబడి, లాగితే చేతిలోకి ఊడి వచ్చాయి. మిగిలిన ఎనిమిదీ మాత్రం ఎండిన పాత కాడ చుట్టూ రెండు మూడు కొత్త ఆకు గుత్తులతో లేచి, ఈ ఏడు అంతకు ముందుకంటే ఎక్కువ కంకులు వేశాయి. ఒకే పొట్లంలోని విత్తనాలు, ఒకే రోజు నాటిన మొక్కలు. కొన్ని ద్వివార్షికాల్లా పోవడం, కొన్ని బహువార్షికాల్లా నిలవడం నాకు అర్థం కాలేదు.

కాబట్టి అడుగుతున్నాను. ఈ జాతి నిజంగా బహువార్షికమేనా, లేక విత్తనాలు అమ్ముకునేందుకు వాడే మాటా? అడవిలో ఇది ఎక్కడ, ఎలాంటి నేలలో, ఎంత నీడలో పెరుగుతుంది? ఆ సంగతి తెలిస్తే నా మడిని దానికి తగ్గట్టు మార్చుకోవచ్చునని ఆశ. ఇంకొకటి, నా దగ్గర ఉన్నది గ్రాండిఫ్లోరాయేనా, లేక లూటియా అనే మరో పసుపు జాతా అన్నది తేల్చుకునే గుర్తులు ఏమిటి? కొన్ని విత్తనాల జాబితాల్లో ఇదే మొక్కకు డిజిటాలిస్ అంబిగువా అనే పేరు కూడా కనిపించి అయోమయం పెంచింది.

కొండదారి

నీడమడి గారూ, పేరు సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే అది త్వరగా తేలిపోయేది. లండన్‌లోని చెల్సీ ఔషధ వనాన్ని నడిపిన ఫిలిప్ మిల్లర్ 1768లో తన తోటపని నిఘంటువు ఎనిమిదో కూర్పులో ఈ మొక్కకు గ్రాండిఫ్లోరా, అంటే "పెద్ద పూలది", అని పేరు పెట్టాడు. అంబిగువా అన్న పేరు ఆ తరవాత వచ్చింది. ముందు వచ్చిన పేరుకే చెల్లుబాటు కాబట్టి రెండోది పర్యాయపదంగా మిగిలింది, కానీ విత్తనాల జాబితాలు పాత పేర్లను అంత తొందరగా వదులుకోవు. రెండూ ఒకే మొక్క.

లూటియాతో పోల్చి చూసుకోవడానికి కొలబద్ద ఒకటి చాలు. గ్రాండిఫ్లోరా పువ్వు మూడు నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల పొడవుండి, గంటలా ఉబ్బి, లేత పసుపు రంగులో ఉంటుంది. నోటిలోకి తొంగి చూస్తే గోధుమరంగు గీతలు వలలా అల్లుకుని కనిపిస్తాయి. పువ్వు వెలుపలి భాగం, కాడ పైభాగం, రక్షక పత్రాలు సన్నని జిగురు నూగుతో ఉంటాయి. లూటియా పువ్వు దానిలో సగమే ఉంటుంది; సన్నని గొట్టంలా, వెలిసిన గడ్డి రంగులో ఉండి, లోపల ఆ గోధుమ వల ఉండదు. ఆకులు కూడా నునుపు. పైగా లూటియా పశ్చిమ, దక్షిణ ఐరోపాకు చెందిన మొక్క, సున్నపు నేలలంటే దానికి ఇష్టం.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. గ్రాండిఫ్లోరా విస్తరణ పశ్చిమాన ఫ్రాన్స్, బెల్జియంలతో మొదలై, ఆల్ప్స్, కార్పేతియన్, బాల్కన్ పర్వతాల మీదుగా రష్యా దాటి పశ్చిమ సైబీరియా దాకా సాగుతుంది. ఈ పటాన్ని ఒకసారి మనసులో ఉంచుకుంటే సగం తోటపని సలహాలు వాటంతటవే వస్తాయి. సైబీరియా చలిని తట్టుకునే మొక్కను చలి చంపదు. మీ నాలుగు మొక్కలను చంపింది మరేదో.

ఆల్ప్స్‌లో నడక దారుల వెంట ఈ మొక్కను నేను చాలాసార్లు చూశాను. ఎప్పుడూ ఒకే రకమైన చోటు: చెట్లు కొట్టేసి వెలుతురు పడిన ఖాళీలు, అడవి అంచులు, రాళ్ళు దొర్లి ఆగిన వాలు నేలలు, బాట తవ్వినప్పుడు తెగిన గట్లు. దట్టమైన నీడలో ఆకుల చక్రాలు కనిపిస్తాయి కానీ కంకి లేవదు. పూర్తిగా ఎండకు తెరిచి ఉన్న గడ్డి మైదానంలోనూ ఇది తక్కువే. పెద్ద చెట్టు ఏదైనా కూలిన చోట మాత్రం రెండు మూడేళ్ళలో పదుల సంఖ్యలో కంకులు లేస్తాయి. ఫాక్స్‌గ్లోవ్‌ల విత్తనాలు ఇసుక రేణువులంత సన్నవి, వెలుతురు తగిలితేనే మొలకెత్తే స్వభావం వాటిది. అడవి నేలలో అవి ఓపికగా పడి ఉండి, పైనున్న గొడుగు తెరుచుకున్న రోజున లేస్తాయి. అదే గొడుగు మళ్ళీ మూసుకుంటే పూలు తగ్గిపోతాయి. అందుకని ఈ మొక్కను "నీడ మొక్క" అని వర్ణించడం నాకు నచ్చదు. ఇది నీడకు, వెలుతురుకు మధ్య సరిహద్దులో కాపురం ఉండే మొక్క.

నేల విషయంలో ఊదా పువ్వుల పర్పురియాకు ఆమ్ల నేల కావాలి, సున్నం గిట్టదు. గ్రాండిఫ్లోరాకు ఆ పట్టింపు లేదు. సున్నపు రాతి మీదా చూశాను, గ్రానైట్ ముక్కల మధ్యా చూశాను. రెండు చోట్లా ఉన్న పోలిక ఏమిటంటే, పైన కుళ్ళిన ఆకుల పొర, దాని కింద నీరు నిలవని రాతి గుల్ల. వానాకాలమంతా తడిసినా వాలులో నీరు జారిపోతుంది, మొక్క మొదలు ఆరిపోతుంది. మీ మడిలో పోయిన నాలుగు మొక్కలు పల్లంలో ఉన్నాయా అన్నది ఒకసారి చూసుకోండి.

ఒక విన్నపం. జర్మనీలో ఇది చట్టప్రకారం ప్రత్యేక రక్షణ ఉన్న మొక్కల్లో ఒకటి. ఎక్కడ కనబడినా అడవి నుంచి దుబ్బు పెకలించి తేవద్దు. విత్తనంతో ఇంత సులభంగా వచ్చే మొక్కకు ఆ అవసరమూ లేదు.

మట్టిచేతులు

కొండదారి గారు చెప్పిన దానికి తోటలోంచి నా సాక్ష్యం. నా దగ్గర గ్రాండిఫ్లోరా దుబ్బు ఒకటి ఏడేళ్ళుగా ఉంది. మధ్యలో రెండుసార్లు విడదీసి నాటాను కాబట్టి, అది పాత మొక్క అనాలో దాని పిల్లలు అనాలో నాకే తెలియదు. నిజానికి బహువార్షికం అన్న మాటకు ఇక్కడ అర్థం అదే. పూసిన కాడ ఎలాగూ ఎండిపోతుంది, అది మళ్ళీ చిగురించదు. తేడా అంతా మొక్క మొదలు దగ్గర ఉంది. పర్పురియా సాధారణంగా తన దగ్గరున్నదంతా ఒక్క కంకి మీదా, దాని విత్తనాల మీదా ఖర్చు పెట్టి చేతులు దులుపుకుంటుంది. గ్రాండిఫ్లోరా మాత్రం కంకి లేస్తున్నప్పుడే కాడ మొదలు చుట్టూ పక్క మొగ్గలు పెట్టుకుని, అవి శీతాకాలానికి ముందే చిన్న ఆకు గుత్తులుగా స్థిరపడేలా చూసుకుంటుంది. మీరు చూసిన "రెండు మూడు కొత్త గుత్తులు" అవే. కాబట్టి పొట్లం మీది మాట అబద్ధం కాదు, కానీ షరతుతో కూడిన నిజం: ఆ పక్క గుత్తులు శీతాకాలం దాటితేనే మొక్క బహువార్షికం.

అవి దాటకపోవడానికి నా తోటలో కనిపించిన కారణాలు మూడు. మొదటిది నిలిచిన నీరు. చలికి గడ్డకట్టిన నేలలో వారాల తరబడి ఉన్నా వీటికి ఏమీ కాదు కానీ, గడ్డకట్టక చల్లగా, తడిగా, బంకగా ఉన్న నేలలో పది రోజులు చాలు. మీరు రాసిన లక్షణాలు, మొదలు మెత్తబడి మొక్క ఊడి రావడం, అచ్చంగా వేరుకుళ్ళువే. రెండవది మొదలు లోతుగా పాతడం. గుత్తి మధ్య భాగం నేల మట్టానికి ఒక పిసరు పైనే ఉండాలి. చలికి కాపు అని మొదలు మీద మందంగా కంపోస్ట్ కప్పడం ఈ మొక్కకు మేలు కాదు, కీడు. చుట్టూ వేయండి, నడినెత్తిన వేయకండి. నేను మొదటి ఏడు ప్రేమ కొద్దీ కప్పి ఐదు మొక్కలు పోగొట్టుకున్నాను. మూడవది మొక్కను మొదటి పూతలోనే పూర్తిగా విత్తనానికి వదిలేయడం. చిన్న మొక్క, బక్క నేల అయితే కాయలు నింపడానికే శక్తి అంతా పోతుంది, పక్క గుత్తులు బలహీనంగా మిగులుతాయి.

అందుకని నా పద్ధతి ఇది. కంకి మీద మూడు వంతుల పూలు రాలిపోగానే, పక్క గుత్తులు తెగకుండా చూసుకుంటూ కాడను మొదటికంటా కోసేస్తాను. అదృష్టం బాగుంటే ఎండాకాలం చివర పొట్టి కంకులు మరోసారి లేస్తాయి. మొదటి కంకుల నిండుదనం వాటికి ఉండదు కానీ, ఆ సమయంలో తోటలో పసుపు పూలు కరువుగా ఉంటాయి కాబట్టి నాకు అవే ముద్దు. మూడేళ్ళకొకసారి వసంతం మొదట్లో దుబ్బును లేపి, వేళ్ళతోనే గుత్తులు విడదీసి, ప్రతి ముక్కకూ సొంత వేళ్ళు ఉండేలా చూసి నాటుతాను. కత్తి అవసరం చాలా అరుదు. విడదీసిన ఏడు పూత కొంచెం పలచబడుతుంది, మరుసటి ఏడు కోలుకుంటుంది. విడదీయకుండా వదిలేస్తే దుబ్బు నడుమ ఖాళీ అయి, అంచుల్లో మాత్రమే ఆకులు మిగలడం చూశాను.

నారు పోసేటప్పుడు విత్తనం మీద మట్టి కప్పవద్దు. తడి మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి వదిలేయండి. 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే రెండు మూడు వారాల్లో మొలకలు కనిపిస్తాయి. అవి ఎంత సన్నగా ఉంటాయంటే, పైనుంచి నీరు పోస్తే కొట్టుకుపోతాయి. పళ్ళెంలో నీరు పోసి కింది నుంచి పీల్చుకోనివ్వడమే మేలు.

ఎత్తు ఎక్కువనిపిస్తే కారిల్లాన్ అనే పొట్టి రకం ఉంది. మామూలు మొక్క 60 నుంచి 100 సెంటీమీటర్ల దాకా లేస్తే, అది 40 లోపే ఆగుతుంది. నాకు మాత్రం అంత కురచ కాడ మీద అంత పెద్ద పూలు ఇరుక్కుని కూర్చున్నట్టు కనిపిస్తాయి. అభిరుచి ఎవరిది వారిది.

నీడమడి

ఇద్దరికీ ధన్యవాదాలు. కొలిచి చూశాను: పువ్వు సరిగ్గా నాలుగు సెంటీమీటర్లు, లోపల గోధుమ వల స్పష్టంగా ఉంది, కాబట్టి గ్రాండిఫ్లోరాయే. పోయిన నాలుగు మొక్కలూ మడి చివర, గొట్టం నీరు చేరే మూలలో ఉన్నవేనని ఇప్పుడు గుర్తు చేసుకుంటే సిగ్గుగా ఉంది. ఇంత చిన్న సంగతి రెండేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది.

ఇంకో రెండు అనుమానాలు మిగిలాయి. ఈ మడికి పక్కనే పాత ఊదా పర్పురియాలు ఇంకా కొన్ని ఉన్నాయి. పసుపు మొక్కల కింద తమంతట తామే మొలిచిన పిల్లలు సంకరాలు అయి ఉంటాయా? ఎందుకంటే తోటపని మిత్రులొకరి దగ్గర నలిపిన స్ట్రాబెరీ రంగులో పెద్ద పూలున్న ఫాక్స్‌గ్లోవ్ చూశాను. అది ఈ రెండింటి సంకరమేనని, విత్తనంతో అదే రంగు వస్తుందని వారు చెప్పారు. సంకరం అయితే గొడ్డు కావాలి కదా, విత్తనం ఎలా వస్తుంది? రెండవది, ఇంటికి చిన్నపిల్లలు వస్తుంటారు. పసుపు జాతి విషం కాదని ఒకచోట చదివాను. నమ్మవచ్చా?

కేసరం

మీ మిత్రులు చెప్పింది నిజమే, మీ అనుమానమూ సరైనదే. ఆ రెండూ కలిసే చోటే ఈ కథలో అసలు రుచి ఉంది.

పర్పురియాకు 56 క్రోమోజోములు, గ్రాండిఫ్లోరాకూ 56. సంఖ్య ఒకటే కదా అని రెండింటినీ కలిపితే మొక్క పుడుతుంది కానీ, ఒక జాతి నుంచి వచ్చిన 28కి రెండో జాతి నుంచి వచ్చిన 28తో సరైన జత కుదరదు. పుప్పొడి, అండాలు తయారయ్యేటప్పుడు పంపకం చెడిపోయి, ఆ మొదటి తరం సంకరం దాదాపు గొడ్డుగానే మిగులుతుంది. ఇంతవరకు మీరు ఊహించినట్టే. అయితే 1920లలో, అప్పట్లో లండన్ శివారు మెర్టన్‌లో ఉన్న జాన్ ఇన్నెస్ ఉద్యాన పరిశోధన సంస్థలో ఈ సంకరాలను పెంచుతున్నప్పుడు, ఒక మొక్కలో క్రోమోజోముల సంఖ్య రెట్టింపై 112 అయింది. రెట్టింపు కాగానే ప్రతి క్రోమోజోముకూ తన సొంత జంట దొరికింది, పంపకం సరిపోయింది, విత్తనం పట్టింది. ఆ విత్తనంతో వచ్చిన మొక్కలూ తల్లిలాగే ఉన్నాయి. ఊరి పేరు మీదుగా దానికి డిజిటాలిస్ మెర్టొనెన్సిస్ అని పేరు పెట్టారు. మీరు చూసిన స్ట్రాబెరీ రంగు మొక్క నిస్సందేహంగా అదే. కొత్త జాతి పుట్టడానికి లక్షల ఏళ్ళు పట్టనక్కరలేదని చూపించే ఉదాహరణలలో ఒకటి మీ మిత్రుల పూలకుండీలో ఉందన్నమాట. పువ్వు పరిమాణం, గులాబీ ఛాయ పర్పురియా వైపు నుంచి, కొన్నేళ్ళు నిలిచే గుణం గ్రాండిఫ్లోరా వైపు నుంచి దానికి వచ్చాయని చెప్పుకోవచ్చు. అయినా దుబ్బుగా నిలవడంలో అది గ్రాండిఫ్లోరా అంత గట్టిది కాదు.

మీ పసుపు మొక్కల కింద మొలిచినవి సంకరాలు అయ్యే అవకాశం తక్కువ. ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో, జర్మనీలోని నల్ల అడవిలో ఈ రెండు జాతులూ సహజంగానే ఉన్నాయి, అయినా రెండూ తమ తమ రూపాల్లోనే కొనసాగుతున్నాయి. ఎక్కడో ఒక సంకరం పుట్టినా గొడ్డుదనం వల్ల అది అక్కడితో ఆగిపోతుంది. మీ పిల్ల మొక్కల్లో ఒకటో రెండో వెలిసిన గులాబీ ఛాయలో పూసి, కాయలు నిండకపోతే, అప్పుడు అనుమానించండి.

పరాగ సంపర్కం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. మీ మొక్క దగ్గర ఉదయం పావుగంట కూర్చోండి. ఒంటినిండా నూగున్న బంబుల్‌బీలు అనే లావాటి తేనెటీగలు కంకి మీదికి వచ్చినప్పుడు, చాలాసార్లు అడుగు పువ్వుతో మొదలుపెట్టి మెట్లెక్కినట్టు పైకి పోతాయి. ఫాక్స్‌గ్లోవ్ కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటుంది. ప్రతి పువ్వులోనూ ముందు కేసరాలు పుప్పొడి రాలుస్తాయి, కీలాగ్రం ఆ తరవాత తెరుచుకుంటుంది. అంటే ఏ సమయంలో చూసినా అడుగున ఉన్న ముదురు పూలు పుప్పొడి అందుకునే దశలో, పైనున్న లేత పూలు పుప్పొడి ఇచ్చే దశలో ఉంటాయి. బంబుల్‌బీ ఒక కంకి పై కొసన పుప్పొడి పూసుకుని, తరవాతి కంకి అడుగు పువ్వులో దిగుతుంది. సొంత పుప్పొడి తనకే అంటకుండా, పరాయి మొక్కది తప్పకుండా అందేలా ఇంతకంటే సులువైన ఏర్పాటు నాకు తెలియదు. నోటిలోని గోధుమ వల ఆ లోపలి మకరందానికి దారి చూపే గీత అని చెబుతారు.

చదువుకునే రోజుల్లో వీటిని స్క్రోఫులేరియేసీ కుటుంబంలో నేర్చుకున్నవారికి ఇంకొక మార్పు: జన్యు ఆధారాలు వచ్చాక డిజిటాలిస్‌ను ఇసబ్‌గోలు మొక్క ఉండే ప్లాంటజినేసీలోకి మార్చారు. పువ్వులు చూస్తే నమ్మబుద్ధి కాదు.

మట్టిచేతులు

విషం సంగతి నేను అంతగా పట్టించుకోను. పదేళ్ళుగా చేతి తొడుగులు లేకుండానే ఆకులు తుంచుతున్నాను, ఏమీ కాలేదు. జింకలు, కుందేళ్ళు ఈ మొక్క జోలికి రావు, అది మాత్రం లాభమే.

మందులచీటి

మట్టిచేతులు గారూ, జింకలు ఎందుకు రావో ఒకసారి ఆలోచించండి. మీ చేతులకు ఏమీ కాకపోవడానికి కారణం మొక్క మంచిదని కాదు, చెక్కుచెదరని చర్మం గుండా ఆ విషం పెద్దగా లోపలికి పోదని. అదే చేత్తో భోజనానికి కూర్చుంటే సంగతి వేరు.

నీడమడి గారు చదివిన మాట పూర్తిగా తప్పు, ప్రమాదకరం కూడా. డిజిటాలిస్ ప్రజాతిలో "విషం లేని పసుపు జాతి" అనేది లేదు. గ్రాండిఫ్లోరా ఆకు, పువ్వు, విత్తనం, వేరు అన్నింటిలోనూ కార్డియాక్ గ్లైకోసైడ్లు ఉంటాయి. గుండె కండర కణాల పై పొరల్లో సోడియంను బయటికి నెట్టి పొటాషియంను లోపలికి తెచ్చే పంపు ఒకటి ఉంటుంది. గ్లైకోసైడ్లు దాన్ని అడ్డుకుంటాయి. కణంలో సోడియం పేరుకుంటుంది, దాని వెంట కాల్షియమూ పెరుగుతుంది, కండరం మరింత బలంగా ముడుచుకుంటుంది. కొలత ప్రకారం ఇస్తే అది మందు. కొలత కొంచెం దాటితే వాంతులు, చూపు పసుపుపచ్చగా మారడం, గుండె లయ తప్పడం, ప్రాణాపాయం. మందుకు, విషానికి మధ్య ఇంత ఇరుకైన సందు ఉన్న పదార్థాలు తక్కువ.

విలియం విథరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఊదా ఫాక్స్‌గ్లోవ్ ఆకును రోగులకు వాడి చూసి, తన అనుభవాలన్నీ, తప్పిదాలతో సహా, 1785లో పుస్తకంగా అచ్చు వేశాడు. నేటికీ వాడుకలో ఉన్న గుండె మందు డిగాక్సిన్‌ను మాత్రం 1930లో సిడ్నీ స్మిత్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త వేరు చేశాడు. అది వచ్చింది బాల్కన్ ప్రాంతపు డిజిటాలిస్ లనాటా నుంచి. ఇప్పటికీ ఆ మొక్కను పొలాల్లో పండించి ఆకుల నుంచే తీస్తున్నారు. కాబట్టి "మందు మొక్క కదా" అని ఇంట్లో కషాయం పెట్టుకునే ఆలోచన ఎవరికైనా ఉంటే, దయచేసి మానుకోండి. ఒక మొక్క ఆకులో ఎంత మందు ఉందో మరో మొక్క ఆకులో అంతే ఉండదు, ఎండబెట్టినా పోదు.

పిల్లలున్న ఇంట్లో నేను చూసుకునేవి ఇవి. పూత లేనప్పుడు ఈ ఆకుల చక్రం తినే ఆకుకూరలా, కాంఫ్రీ అనే మొక్కలా కనిపించి జనం పొరబడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. అందువల్ల ఆకుకూరల మడికి, దీనికి మధ్య దూరం ఉంచండి. గంటలాంటి పువ్వును పిల్లలు వేలికి తొడుక్కుని ఆడతారు. డిజిటాలిస్ అన్న పేరే వేలు అన్న లాటిన్ మాట నుంచి, జర్మన్‌లో దీన్ని అంగుస్తాను (కుట్టుపనిలో వేలికి పెట్టుకునే తొడుగు) అనే అర్థంలో పిలవడం చూసి, 1542లో జర్మన్ వైద్యుడు లియొన్‌హార్ట్ ఫుక్స్ పెట్టింది. ఆ ఆట తరవాత వేలు నోట్లో పెట్టుకోకుండా చేతులు కడిగించండి. కంకులు కోసి గాజు పాత్రలో పెడితే ఆ నీటిని కూడా పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా పారబోయండి. ఎవరైనా ఆకు నమిలినట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళి, మొక్క ముక్కను కూడా వెంట పట్టుకెళ్ళండి.

ఇంత చెప్పినా నా మడిలోంచి మొక్కను పీకేయలేదు. మడి వెనక వరుసలో, చెయ్యి చాచితే అందని చోట ఉంది.

మట్టిచేతులు

ఒప్పుకుంటున్నాను. తొడుగులు వేసుకుంటాను.

కొండదారి

మందులచీటి గారు రాసిన దాని మీద నాకు అభ్యంతరం లేదు కానీ, మట్టిచేతులు గారి కంకి కోత పద్ధతితో మాత్రం కొంచెం పేచీ ఉంది. ప్రతి కంకినీ పూలు రాలగానే కోసేస్తే దుబ్బు బలపడుతుంది, నిజమే. కానీ అడవిలో ఈ మొక్క ఒక చోట నిలిచిందంటే, అది దుబ్బు ఆయుష్షు మీద మాత్రమే ఆధారపడి కాదు. చుట్టూ ఎప్పుడూ రెండు మూడు తరాల పిల్లలు వేర్వేరు వయసుల్లో ఉంటాయి. తోటలో అన్నీ ఒకే వయసు దుబ్బులు ఉంటే, ఒక చెడ్డ శీతాకాలానికి అన్నీ ఒకేసారి పోతాయి. నీడమడి గారికి ఎనిమిది దుబ్బులు ఉన్నాయి కాబట్టి ఆరింటిని కోయవచ్చు, బలమైన రెండింటిని విత్తనానికి వదలవచ్చు. వదిలేవి మడి పై గట్టున ఉన్నవైతే మంచిది, విత్తనం కిందికి రాలుతుంది. గట్టు మీద గులకరాళ్ళు కాస్త పరిస్తే మొలకలకు అది అడవి వాలులాగే అనిపిస్తుంది.

వెలుతురు గురించి అడిగారు: ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ పడే చోటైతే సరిపోతుంది. పూలన్నీ దాదాపు ఒకే పక్కకు తిరిగి ఉంటాయి. నేను గమనించినంతలో ఆ పక్క వెలుతురు వచ్చే పక్కే. గోడకు లేదా చెట్టుకు వీపు పెట్టి నాటితే అవి దారిలో నడిచేవారి వైపు చూస్తాయి. తోట మధ్యలో నాటితే సగం మందికి వాటి వీపే కనిపిస్తుంది.

నీడమడి

గొట్టం నీరు చేరే మూలను ఖాళీ చేసి, మిగిలిన ఎనిమిది దుబ్బులనూ వసంతం మొదట్లో రాతి గోడ వారగా ఉన్న ఎత్తు గట్టు మీదికి మార్చాలని నిర్ణయించుకున్నాను. ఊదా మొక్కల కింద మట్టి ఆమ్లంగానే ఉంది, గోడ వారన సున్నం ఎక్కువ. కొండదారి గారు చెప్పినట్టు పసుపు జాతికి ఆ పట్టింపు లేకపోవడం కలిసి వచ్చింది. తమంతట తామే మొలిచిన పిల్లల్లో పదింటిని విడిగా కుండీల్లో పెంచి, ఎలాంటి రంగులో పూస్తాయో కేసరం గారికి వచ్చే ఏడాది చెబుతాను. విత్తనానికి వదిలిన రెండు కంకులను ఎప్పుడు కోయాలి?

మట్టిచేతులు

అడుగు కాయలు గోధుమరంగుకు తిరిగి, కొసన చిన్న పగులు కనిపించిన రోజున. కంకి మొత్తం ముదిరే దాకా ఆగితే కింది కాయల విత్తనం అప్పటికే గాలిపాలవుతుంది. పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసుకుని, కాగితం సంచిని ముందు కంకికి తలకిందులుగా తొడిగి మూతి కట్టి, ఆ తరవాతే కాడ కోసి, సంచిని తిరగేసి వేలాడదీయండి. వారం రోజుల్లో తట్టితే చాలు, విత్తనం అడుగుకు చేరుతుంది. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఈసారి నేను తొడుగులతోనే కోస్తాను, మీరూ అలాగే చేయండి.